పాపే దీపం

ముఖచిత్రం నల్లగా ఉందని మా అచ్చు విభాగాన్ని తిట్టుకోకండి. ఆ బొమ్మే అంత. సుమారు 1490లో, హాలండ్‌లోని హార్లెమ్ పట్నంలో గేర్ట్‌గెన్ అనే చిత్రకారుడు ఓక్ చెక్క మీద నూనె రంగులతో వేసిన క్రీస్తు జననం అది. అసలు బొమ్మ ఎత్తు 34 సెంటీమీటర్లు, వెడల్పు పాతిక. కిరాణా కొట్టువాళ్లు సంక్రాంతికి పంచే క్యాలెండరు ఇంతకంటే పెద్దగా ఉంటుంది. 1925 నుంచి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఈ చిన్న చెక్క ముందు నిలబడితే మొదట కనబడేది చీకటే. కాసేపు కళ్లు అలవాటు పడ్డాక గానీ అందులో ఎవరెవరు ఉన్నారో అంతుచిక్కదు.

నడుమ పశువుల తొట్టి. అందులో ఒంటి మీద బట్టయినా లేని పసిబిడ్డ. బొమ్మలో దగ్గరగా ఉన్న వెలుగంతా ఆ బిడ్డ ఒంట్లోంచే వస్తోంది. తొట్టి మీదికి వంగి చేతులు జోడించిన మరియ ముఖం కిందినుంచి వెలిగింది. గడ్డం, పెదవులు, వాల్చిన కనురెప్పలు తెల్లగా ఉన్నాయి. తలమీది ముసుగు పైకి పోయేకొద్దీ నలుపులో కలిసిపోయింది. ఎడమపక్క బడిపిల్లల ఎత్తున్న దేవదూతలు తొట్టిని చుట్టుముట్టి ఆశ్చర్యంగా చేతులెత్తారు. తొట్టి అవతల ఎద్దు, గాడిద. కుడివైపు వెనగ్గా యోసేపు, సగం ఉన్నట్టు, సగం లేనట్టు. పాక వెనకనుంచి దూరంగా ఒక కొండ కనిపిస్తుంది. కొండ మీద గొర్రెల కాపరులు, వాళ్ల నెగడు. వాళ్ల నెత్తిన ఆకాశంలో తెల్లగా మెరుస్తున్న దూత.

మొత్తం మూడు వెలుగులు. బిడ్డది, దూతది, నెగడుది. మనుషులు చేతులారా వేసుకున్న మంటే మూడింటిలో చిన్నది, అన్నిటికంటే దూరంలో ఉన్నది. ఆ వరుస యాదృచ్ఛికం కాదు. దాని వెనక నూట ఇరవై ఏళ్ల కథ ఉంది. ఆ కథ తాలూకు ఒక కొస పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల దాకా వచ్చింది. అదే ఈ వారం సంగతి.

ఎనిమిది మంది పిల్లల తల్లి చెప్పిన కథ

బిడ్డే దీపమన్న మాట నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. లూకా సువార్తలో వెలుగు ఉంది గానీ అది పొలంలో మంద కాస్తున్న కాపరుల చుట్టూ ప్రకాశించిన వెలుగు. తొట్టి దగ్గర దీపం ఉందో లేదో లూకా చెప్పలేదు. ఎద్దు, గాడిద సంగతీ ఆయన ఎత్తలేదు. అవి యెషయా ప్రవచనంలోని ఒక మాటను పట్టుకుని తర్వాతివాళ్లు తోలుకొచ్చి కట్టేసినవి. బైబిల్లో చేరని కొన్ని పాత గ్రంథాల్లో బిడ్డ పుట్టిన గుహ వెలుగుతో నిండిందన్న ముచ్చట ఉంది. కానీ చిత్రకారుల చేతికి స్పష్టమైన దృశ్యం అందించింది స్వీడన్‌కు చెందిన బ్రిగిట్టా.

బ్రిగిట్టా 1303లో పుట్టింది. పెద్దింటి ఆడబిడ్డ. ఎనిమిది మంది పిల్లల్ని కన్నది. 1344లో భర్త పోయాక మిగిలిన జీవితం భక్తికీ, యాత్రలకూ ఇచ్చేసింది. 1372లో, డెబ్బయ్యో ఏటికి దగ్గరపడ్డాక, బేత్లెహేము వెళ్లింది. అక్కడ తనకు కలిగిన దర్శనాన్ని చెప్పి రాయించింది. యోసేపు వెలిగించిన కొవ్వొత్తి తెచ్చి గోడకు నిలిపి బయటికి వెళ్లాడట. మరియ చెప్పులు విడిచి, పైవస్త్రం తీసి, జుట్టు భుజాల మీద వదిలేసి, తూర్పుకు తిరిగి మోకరించిందట. రెప్పపాటులో బిడ్డ నేల మీద ఉన్నాడట. ఆ బిడ్డ నుంచి వచ్చిన తేజస్సు ముందు సూర్యుడే చాలడట, ఇక యోసేపు కొవ్వొత్తి వెలుగుతున్నట్టే తెలియలేదట. మరుసటి ఏడాది రోమ్‌లో ఆమె కన్నుమూసింది. 1391లో చర్చి ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. అప్పటికే ఆమె చెప్పిన దృశ్యం ఇటలీ బొమ్మల్లోకి ఎక్కేసింది.

ఎనిమిది పురుళ్లు పోసుకున్న మనిషి నొప్పి లేని పురుడును అంత వివరంగా చూసిందంటే నాకు ఆశ్చర్యం లేదు. చెప్పులు విడవడం, జుట్టు వదులు చేసుకోవడం లాంటి చిన్న చిన్న సంగతులు పట్టుకున్న ఆ చూపు పురిటిగది లోపలి చూపు. మతగురువులు రాసిన వ్యాఖ్యానాల్లో ఆ చనువు దొరకదు.

తెలుగువాళ్లకు ఈ దృశ్యం కొత్తగా అనిపించకపోవడానికి ఇంకో కారణం ఉంది. భాగవతం దశమ స్కంధంలో దేవకి చెరసాలలో ప్రసవించేదీ అర్ధరాత్రే. ఆ పురిటిగదిని వెలిగించిందీ పుట్టిన బిడ్డ కాంతే. ఒక కథ నుంచి ఇంకో కథ పుట్టిందని తగువులాడేవాళ్లు ఆడుకోవచ్చు. నాకు మాత్రం చిత్రకారుడి ఇబ్బంది ముఖ్యం. కథలో బిడ్డ వెలిగాడని చెప్పడానికి ఒక వాక్యం చాలు. బొమ్మలో వెలిగించాలంటే చుట్టూ ఉన్నదంతా ఆర్పేయాలి.

ఆర్పడానికి కావాల్సిన ధైర్యం

మొదటి తరం ఫ్లాండర్స్ చిత్రకారులకు ఆ ధైర్యం రాలేదు. ఫ్రాన్స్‌లోని డిజాన్ మ్యూజియంలో రాబర్ట్ కాంపిన్ వేసిన జననం ఉంది. 1420ల నాటిది. అందులో ముసలి యోసేపు కొవ్వొత్తి పట్టుకుని, గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చేతివేళ్ల దగ్గర ఆ జాగ్రత్త చూడముచ్చటగా ఉంటుంది. కానీ వెనక కొండ మీద బంగారు సూర్యుడు ఉదయిస్తున్నాడు, దారీ చెట్లూ మనుషులూ అన్నీ పట్టపగల్లా కనిపిస్తున్నాయి. కొవ్వొత్తి, సూర్యుడు, బిడ్డ ముగ్గురూ ఉన్నారు గానీ ఎవరిది పైచేయో కంటికి తెలియదు. బ్రిగిట్టా కథ తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

అదే బొమ్మలో ఇద్దరు మంత్రసానులు కూడా ఉన్నారు. కన్య ప్రసవించిందంటే నమ్మని మంత్రసాని చెయ్యి ఎండిపోయి, బిడ్డ దగ్గరికి వచ్చాక నయమైందని పాత కథ. బ్రిగిట్టా దర్శనం ప్రచారంలోకి వచ్చాక మంత్రసానులకు పనిలేకుండా పోయింది. తర్వాతి బొమ్మల్లోంచి వాళ్లు నెమ్మదిగా వెళ్లిపోయారు. నొప్పులే లేని పురుటికి మంత్రసాని ఎందుకని కాబోలు.

అన్ని దీపాలూ ఆర్పేసిన మొదటి ఘనత గెంట్ నగరపు హ్యూగో వాన్ డెర్ గోస్‌దని పండితుల ఊహ. 1470 ప్రాంతంలో ఆయన వేసిన ఒక రాత్రి జననం ఇప్పుడు లేదు, దాన్ని చూసి ఇతరులు వేసినవి మిగిలాయి. గేర్ట్‌గెన్ బొమ్మ ఆ కోవలోదే. వియన్నాలో ఉన్న గెరార్డ్ డేవిడ్ బొమ్మా అంతే. హ్యూగో వేసిన ఇంకో జననం మాత్రం భద్రంగా ఉంది. మెడిచీల బ్యాంకు తరఫున బ్రూజ్‌లో పనిచేసిన టొమ్మాజో పోర్తినారి వేయించుకున్న ఆ భారీ పలక 1483లో ఫ్లారెన్స్ చేరింది. అందులో రాత్రి లేదు. బిడ్డ మాత్రం బ్రిగిట్టా చెప్పినట్టే కటిక నేల మీద పడుకున్నాడు. కుడివైపు నుంచి తోసుకొచ్చిన గొర్రెల కాపరుల మొరటు చేతులు, ఎండకు కమిలిన ముఖాలు, తెరిచిన నోరు చూస్తే వాళ్లు నిజంగా మంద దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చారనిపిస్తుంది.

రాత్రిని వేయడానికి ధైర్యం ఒక్కటే చాలదు, నూనె కూడా కావాలి. కోడిగుడ్డు సొనతో కలిపిన రంగు వెంటనే ఆరిపోతుంది, వెలుగు నుంచి నీడలోకి మెత్తగా జారడానికి వీలివ్వదు. అవిసె నూనెలో కలిపిన రంగు రోజుల తరబడి పచ్చిగా ఉంటుంది. ఫ్లాండర్స్, హాలండ్ చిత్రకారులు ఓక్ చెక్కకు సుద్ద, జిగురు కలిపిన తెల్లని పూత వేసి నున్నగా అరగదీసేవాళ్లు. దాని మీద పలచటి రంగు పొరలు ఒకదాని మీద ఒకటి. వెలుతురు ఆ పొరల్లోంచి దిగి, అడుగున ఉన్న తెల్లపూతను తాకి తిరిగి పైకి వస్తుంది. 1441లో చనిపోయిన యాన్ వాన్ ఐక్ ఈ పనిని పరాకాష్ఠకు చేర్చాడు. గేర్ట్‌గెన్ చీకటి మసి పూసినట్టు ఉండకుండా లోతుగా ఉండడానికి కారణం ఇదే.

ఆ తర్వాత కొద్ది దశాబ్దాలకు మన దగ్గర ఏం జరుగుతోందో చూడాలంటే మదనపల్లె నుంచి హిందూపురం దారి పట్టి లేపాక్షి వెళ్లాలి. విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల్లో, వీరభద్రాలయం పైకప్పు నిండా బొమ్మలు వేయించారు. శివపార్వతుల కల్యాణం, కిరాతార్జునీయం, పంది వేట. నల్లని గీత, అందులో సాఫీగా నింపిన ఎరుపు, పసుపు, తెలుపు. ఎక్కడా నీడ లేదు. ఏ బొమ్మకూ వెలుగు ఫలానా పక్కనుంచి వస్తోందని చెప్పలేం. అది చేతగాక కాదు. అందరికీ సమానంగా కనబడాల్సిన దేవుడి కథకు ఒక మూల నుంచి వెలుగు పడితే కుదరదు. పడుకుని పైకప్పు చూస్తుంటే ఆ లెక్క నాకు సబబుగానే అనిపించింది. వెలుగు ఎటునుంచి అని గేర్ట్‌గెన్ అడిగిన ప్రశ్న లేపాక్షి చిత్రకారుడికి అవసరం పడలేదు, అంతే.

సున్నం కొట్టిన గోడలు

ఇక పడమటి మండలాలకు వద్దాం. మదనపల్లెలో, పుంగనూరులో, పలమనేరులో క్రిస్మస్ పండుగకు ఊతమిచ్చింది ఆర్కాట్ మిషన్. అమెరికా నుంచి వచ్చిన స్కడ్డర్ అన్నదమ్ములు 1853లో దాన్ని కట్టారు. మదనపల్లెలో 1863లో మకాం పెట్టింది జేకబ్ చాంబర్లేన్. వైద్యుడు, తెలుగు బైబిల్ సవరణ పనిలో ఏళ్ల తరబడి కూర్చున్నవాడు, 1908లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. వీళ్లంతా అమెరికావాళ్లే గానీ వీళ్ల చర్చి పుట్టిల్లు హాలండ్. న్యూయార్క్ ఇంకా న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉన్న రోజుల్లో, 1628లో, డచ్ వలసదారులు పెట్టుకున్న సంఘం అది. చాంబర్లేన్ మదనపల్లెకు వచ్చేనాటికి దాని అధికారిక పేరులో డచ్ అన్న మాట ఇంకా ఉంది. 1867లో గానీ తీసేయలేదు.

గేర్ట్‌గెన్ దేశం నుంచి వచ్చిన మతమే కదా, మరి ఆ బొమ్మలు మనదాకా ఎందుకు రాలేదంటారా? రాకపోవడానికి కారణం ఆ చర్చే. 1566 ఆగస్టులో ఫ్లాండర్స్, హాలండ్ ప్రాంతాల్లో సంస్కరణవాదులు చర్చిల్లోకి చొరబడి విగ్రహాలు పగలగొట్టారు, పటాలు చీల్చారు. వాళ్లు ప్రమాణంగా పెట్టుకున్న 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి ప్రకారం, చదువురానివాళ్ల కోసమైనా సరే, చర్చిలో బొమ్మలు ఉండకూడదు. దేవుడి సంగతి నోటిమాటగా చెప్పాలే తప్ప మూగ బొమ్మలతో కాదు. హార్లెమ్‌లో సెయింట్ జాన్ మఠం కోసం గేర్ట్‌గెన్ వేసిన పెద్ద పలకలో చాలాభాగం ఆ అల్లర్ల కాలంలోనే నాశనమైంది. మిగిలిన ముక్కలు వియన్నాలో ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్లకే పోయాడని చెప్పే ఆ చిత్రకారుడి పని అసలే తక్కువ, అందులోనూ ఇంత నష్టం.

లండన్ గ్యాలరీలోనే ఇంకో హార్లెమ్ బొమ్మ ఉంది. 1636–37లో పీటర్ సేన్రెడామ్ వేసిన పెద్ద చర్చి లోపలి భాగం. తెల్లటి స్తంభాలు, తెల్లటి గోడలు, ఎక్కడా ఒక్క పటం లేదు. గేర్ట్‌గెన్ చీకటికీ, సేన్రెడామ్ సున్నపు గోడకూ మధ్య నూటయాభై ఏళ్ల దూరం. మదనపల్లె మిషన్ చర్చిల సాదా గోడలు ఆ రెండో బొమ్మ సంతానం. 1947లో ఆర్కాట్ మిషన్ సంఘాలు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో కలిశాక కూడా ఆ పోకడ పూర్తిగా పోలేదు. రోమన్ కాథలిక్ (ఆర్.సి.ఎం.) చర్చిలో పశువుల పాకకు ఉండే వైభవం వేరు, మిషన్ చర్చిలో పాటకూ ప్రసంగానికీ ఉండే పట్టు వేరు.

అదే మదనపల్లెలో బొమ్మలంటే ప్రాణం పెట్టే ఇంకో జట్టు కూడా ఉండేది. 1915లో మొదలైన దివ్యజ్ఞాన కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి, కళా విమర్శకుడు. 1919లో టాగోర్ జనగణమనను ఇంగ్లీషు చేసింది ఆయన ఆతిథ్యంలోనే. ఒక ఊళ్లో బొమ్మలు వద్దన్న సంప్రదాయం నుంచి వచ్చినవాళ్లూ, బొమ్మల్లోనే దేశాన్ని చూసినవాళ్లూ పక్కపక్కన బతికారన్నమాట.

మంత్రసానుల మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పాలి. బొమ్మల్లోంచి వాళ్లు వెళ్లిపోయినా, డచ్ చర్చి మనవరాళ్లు మదనపల్లెకు వచ్చినప్పుడు చేసిన పెద్ద పని ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి పెట్టడం. మేరీ లాట్ లైల్స్ పేరిట 1911లో వెలిసిన ఆ మిషన్ ఆసుపత్రిలో ఎన్ని అర్ధరాత్రి కాన్పులు జరిగాయో! నొప్పి లేని పురుడు బ్రిగిట్టా చూసింది. నొప్పి ఉన్న పురుళ్లను ఆ డాక్టరమ్మలు చూశారు. లెక్కకు నేను రెండోవాళ్ల పక్షం.

కంబళి కప్పుకున్న కాపరులు

గేర్ట్‌గెన్ బొమ్మలో దూరపు కొండను చూడగానే పోల్చుకోగలిగేది కుప్పం, పుంగనూరు పల్లెలవాళ్లే. కోతలయ్యాక చేలల్లో గొర్రెల మంద నిలపడం ఇక్కడి రివాజు. పెంట, పంచితం పొలానికి ఎరువు. రైతు గింజలో డబ్బో ఇస్తాడు. రోజూ ఒకే చోట కాదు, ఈ రాత్రి ఈ మడిలో, రేపు పక్క మడిలో. చుట్టూ వల కట్టి, కుక్కను కాపలా పెట్టి, నెగడు వేసుకుని, కంబళి కప్పుకుని కాపరులు వంతులవారీగా మేలుకుంటారు. నక్క భయం, దొంగ భయం. లూకా సువార్త విన్న పట్నంవాళ్లకు రాత్రి మంద కాయడమంటే వివరించాలి. కుప్పం పక్క పల్లెలో వివరించాల్సిన పనిలేదు. డిసెంబరు చలిలో ఎందుకు మేలుకున్నారో, నెగడు ఎంత చిన్నగా వేసుకుంటారో వాళ్లకు తెలుసు. రాత్రంతా సరిపోవాలి కదా, పుల్లలు పొదుపుగా వాడతారు. గేర్ట్‌గెన్ కూడా ఆ మంటను అంతే చిన్నగా వేశాడు.

ఇక ఎద్దు సంగతి. క్రిస్మస్ పాకలో పెట్టే అచ్చు బొమ్మల్లో ఎద్దు యూరప్ ఎద్దే, మూపురం ఉండదు. పుంగనూరులో పాక కట్టేవాళ్లు మాత్రం పుంగనూరు ఎద్దును పెడితే ఏం పోయింది? మూడడుగులు దాటని పొట్టి జాతి, వెన్న శాతం 8 దాకా ఉండే పాలు, పలమనేరు పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా కాపాడుతున్న వంశం. 2024 సంక్రాంతికి ఈ ఆవులు ప్రధాని ఇంట మేత తిన్న ఫొటోలు వచ్చాక ఊరి పేరు దేశమంతా తెలిసింది. మరియ మోకరించినా ఆమె భుజం మీదుగా తొట్టిలోకి తొంగిచూడగల ఎత్తు దానిది.

క్యాలెండర్ దాకా

గేర్ట్‌గెన్ బొమ్మను చాలాకాలం నలుగురూ చూసింది లేదు. బిడ్డ వెలుగును లోకమంతా చాటింది ఇటలీ చిత్రకారుడు కొరెజ్జో. 1530లో ఆయన పూర్తిచేసిన రాత్రి జననం ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంది. రెండున్నర మీటర్ల ఎత్తు, గాల్లో గిరికీలు కొట్టే దేవదూతలు, వెలుగుకు తట్టుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకున్న పనిమనిషి. గొప్ప బొమ్మే, కాదనను. కానీ అందులో రాత్రి నటిస్తోందనిపిస్తుంది. గేర్ట్‌గెన్ రాత్రి నటించదు. కొరెజ్జోను చూసి చెక్కిన అచ్చు బొమ్మలు, వాటిని చూసి వేసిన పటాలు, వాటినుంచి సండే స్కూలు కార్డులు, గ్రీటింగులు, చివరికి సువార్త మహాసభల వాల్‌పోస్టర్లు. మదనపల్లెలో ఏ విశ్వాసి ఇంటి గోడకు క్యాలెండర్ వేలాడినా అందులో పసిబిడ్డ చుట్టూ ఉన్న పసుపు వెలుగు ఈ దారిన వచ్చిందే. బొమ్మలు వద్దన్న చర్చి గుమ్మం దాటి, బొమ్మలు ఇళ్లలోకి వచ్చేశాయి.

ఆ అరువు వెలుగును తెలుగు చేతిపనిలోకి తెచ్చినవాళ్లలో పెద్దాయన పులిదిండి సోలమన్ రాజ్. 1921లో పుట్టి 2019లో కన్నుమూసిన లూథరన్ పాస్టరు. విజయవాడలో స్థిరపడి, బాతిక్ మీద, చెక్క అచ్చుల మీద జీవితాంతం పనిచేశాడు. క్రీస్తు కథను మన పల్లె మనుషుల ముఖాలతో చెప్పాడు. బాతిక్ పద్ధతి ఈ రాత్రి బొమ్మల పద్ధతికి దగ్గర బంధువు. తెల్లని గుడ్డ మీద ఎక్కడ వెలుగు మిగలాలో అక్కడ ముందే మైనం పోస్తారు. లేత రంగులో ముంచి, మళ్లీ మైనం పోసి, ముదురు రంగులో ముంచుతారు. చీకటి అన్నిటికంటే చివర్న వస్తుంది. మైనం కరిగించి తీసేస్తే మొదట దాచిన తెలుపు అలాగే ఉంటుంది. చెక్క అచ్చు దీనికి తలకిందులు. పలకంతా నలుపే అనుకుని, వెలుగు కావలసినంత మేర ఉలితో తవ్వి తీయాలి. మన శ్రీకాళహస్తి కలంకారీలో బెల్లం, ఇనుప తుప్పు నానబెట్టిన నల్లరసంతో గీతే ముందు పడుతుంది, రంగులు తర్వాత. అందుకే కాళహస్తి గుడ్డ మీద రాత్రిని వేయడం కష్టం, బాతిక్ మీద సులువు.

ఈ డిసెంబరులో మదనపల్లె, పుంగనూరు, కుప్పం వీధుల్లో పాకలు కట్టే కుర్రాళ్లకు ఒక మాట. వెదురు బద్దల నక్షత్రం సరే, కప్పు చుట్టూ రంగురంగుల సీరియల్ సెట్టు సరే. ఒక్క పదినిమిషాలు అవన్నీ ఆర్పి, తొట్టిలో గడ్డి కింద ఒకే ఒక చిన్న బల్బు పెట్టి చూడండి. మరియ బొమ్మ ముఖం గడ్డం దగ్గర్నుంచి పైకి వెలుగుతుంది, యోసేపు చీకట్లోకి వెళ్లిపోతాడు. ఎల్‌ఈడీదే వాడండి, పాత బల్బయితే వేడెక్కి గడ్డి అంటుకుంటుంది.